అందరికీ ఎరుకే, ఆమెకు తప్ప

వేసవి సెలవులకు మా అక్క బిడ్డ హన్మకొండకు వచ్చిందంటే టీవీ రిమోట్ మీద నాకు హక్కు పోయినట్టే. ఈసారి ‘ది ఫ్లాష్’ అనే అమెరికన్ సూపర్ హీరో సీరియల్ పట్టుకుంది. నేను ఎప్పుడో చూసేసిందే కాబట్టి పక్కన కూర్చుని నా పని చేసుకుంటూ ఒక చెవి అటు పారేశాను. తొమ్మిదో తరగతి పిల్ల. నాలుగైదు ఎపిసోడ్లు దాటేసరికి ఎవరు చస్తారో, ఎవరు చచ్చి మళ్లీ వస్తారో, ఏ పెద్దమనిషి దొంగో ముందే చెప్పేస్తోంది. చెప్పినవి చాలావరకు నిజమవుతున్నా దానికి బోర్ కొట్టడం లేదు. ఒక్క విషయం దగ్గర మాత్రం రోజూ మండిపడుతుంది. కూలర్ చప్పుడును మించి అరుస్తుంది: “గా పిల్లకొక్కదానికి చెప్తే వీళ్ల సొమ్మేం పోతది మామా?”

గా పిల్ల అంటే ఐరిస్ వెస్ట్, హీరో చిన్ననాటి స్నేహితురాలు. చెప్పాల్సింది ఆ హీరో బ్యారీ అలెనే, మెరుపు వేగంతో పరిగెత్తే ముసుగు మనిషి ఫ్లాష్ అన్న సంగతి.

సూపర్ హీరో సీరియళ్లలో అరిగిపోయిన మలుపులకు కొదవ లేదు. ముసుగేసుకున్న విలన్ మనకు బాగా తెలిసినవాడే అవుతాడు. నమ్మిన గురువు మోసగాడవుతాడు. ఫ్లాష్‌లో మొదటి రెండు సీజన్లూ అదే వరస: గురువు హారిసన్ వెల్స్ రూపంలో ఉన్నది విలన్ ఇయోబార్డ్ థాన్, మంచివాడు జే గ్యారిక్‌నని నమ్మించినవాడు విలన్ జూమ్. మూడో సీజన్‌కు బయటివాళ్లు దొరకలేదేమో, భవిష్యత్తు నుంచి వచ్చిన బ్యారీనే సావిటార్ అనే విలన్ అన్నారు. ప్రతి వారం హీరో డీలా పడతాడు, ఎవరో ఒకరు కారిడార్లో నిలబెట్టి రెండు నిమిషాలు ధైర్యం చెబుతారు, వెళ్లి గెలుస్తాడు. పట్టుకున్నవాళ్లను కోర్టూ కచేరీ లేకుండా, బ్యారీ జట్టు పనిచేసే ల్యాబ్ కింద గదుల్లో బంధిస్తారు. వాళ్లకు అన్నం ఎవరు పెడుతున్నారని మా పిల్ల అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

ఇవన్నీ నేను సరిపెట్టుకోగలను, కొన్నయితే ఇష్టం కూడా. ‘నీ మంచి కోసమే నీకు చెప్పలేదు’ అన్నదాన్ని మాత్రం సరిపెట్టుకోలేను.

ఎవరి నుంచి కాపాడుతున్నట్టు?

మొదటి సీజన్లో బ్యారీ రహస్యం ఎవరెవరికి తెలుసో ఒకసారి చూడండి. ల్యాబ్‌లో పనిచేసే సిస్కోకు, కేట్లిన్‌కు, వెల్స్‌కు మొదటి రోజు నుంచీ తెలుసు. ఐరిస్ తండ్రి, పోలీసు డిటెక్టివ్ జో వెస్ట్‌కు తొలి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది. తెలియగానే ఆయన బ్యారీ దగ్గర తీసుకున్న మాట, ఐరిస్‌కు చెప్పొద్దని. జైల్లో ఉన్న బ్యారీ తండ్రి తనంతట తానే పసిగడతాడు. పక్క ఊరి ఇంకో ముసుగు హీరో ఆలివర్ క్వీన్‌కు తెలుసు. దొంగ లియోనార్డ్ స్నార్ట్, సిస్కో అన్నను పట్టుకుని బెదిరించి మరీ తెలుసుకుంటాడు. చివరికి ఐరిస్‌తో కలిసి ఉంటున్న ఎడ్డీకి కూడా బ్యారీ, జో కూర్చోబెట్టి చెబుతారు. ఎందుకంటే ఐరిస్ ఒక విషయంలో మరీ ఆరా తీస్తోంది, ఆమెను ఆపడానికి అతని సాయం కావాలి.

అన్నిటికంటే పెద్ద సంగతి, బ్యారీ తల్లిని చంపిన ఇయోబార్డ్ థాన్ అన్నీ తెలిసే ఆ ల్యాబ్‌లో చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రహస్యం పొక్కితే శత్రువులు ఆమె మీద పడతారని కదా వాదన? అసలు శత్రువుకు తెలియందేమీ లేదు. ఇక మిగిలిన లాభం ఒక్కటే. ఐరిస్ అడగబోయే ప్రశ్నల నుంచి బ్యారీనీ, జోనూ కాపాడుకోవడం.

పోనీ తెలియకపోవడం వల్ల ఆమె క్షేమంగా ఉందా అంటే అదీ లేదు. ఆమె ఆ వేగంగా పరిగెత్తే మనిషి గురించి బ్లాగు రాస్తుంటుంది. ఆ బ్లాగు చూసే టోనీ ఉడ్‌వర్డ్ అనేవాడు ఆమెను ఎత్తుకుపోతాడు. తాను ఏ నిప్పుతో ఆడుతోందో ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే ఏం రాయాలో, ఏం రాయకూడదో ఆమే చూసుకునేది. బ్యారీ ఏం చేస్తాడు? ముసుగేసుకుని రాత్రిపూట మేడ మీదికి వచ్చి, గొంతు మార్చి, రాయడం మానేయమంటాడు. పగలు స్నేహితుడిగా వచ్చి అదే మాట చెబుతాడు. ఒకే మనిషి రెండు వైపుల నుంచీ నచ్చజెబుతున్నాడని ఆమెకు తెలియదు.

బ్లాగు రాసేవాణ్ని కాబట్టి నాకు ఆ సీను ఇంకొంచెం ఎక్కువ మండి ఉండొచ్చు.

విలేకరికే వార్త అందదు

ఇది ఫ్లాష్‌తో మొదలైన జబ్బు కాదు. 1938లో సూపర్‌మ్యాన్‌తో పాటే లోయిస్ లేన్ వచ్చింది, విలేకరి. 1997లో దూరదర్శన్ శక్తిమాన్‌లో గీతా విశ్వాస్ వచ్చింది, ఆమే విలేకరే. మా ఈడువాళ్లంతా వచ్చీరాని హిందీతో, కరెంటు ఉంటే చాలు దేవుడా అనుకుంటూ చూసిన సీరియల్ అది. పక్క బల్ల దగ్గర పళ్లు బయటపెట్టుకుని తిరిగే గంగాధరే శక్తిమాన్ అని వీధిలో పిల్లలందరికీ తెలుసు, గీతకు తెలియదు. 2014లో ఐరిస్ బ్లాగుతో మొదలుపెట్టి పేపర్ ఆఫీసులో చేరింది. ముగ్గురి వృత్తీ దాచినదాన్ని బయటపెట్టడం. ముగ్గురికీ కళ్లెదుటి మనిషి మాత్రం కనబడడు.

రచయితలు వీళ్లకు ఈ ఉద్యోగం ఎందుకిస్తారో అర్థమవుతుంది. హీరో దగ్గరికి పదే పదే రావడానికి, గొడవ జరిగేచోట ఉండడానికి విలేకరి ఉద్యోగం అనుకూలం. కానీ ఇచ్చాక ఆ ఉద్యోగాన్ని ఆమె బాగా చేస్తే కథ ఆగిపోతుంది. అందుకని ఆమెను ఉత్సాహం ఉన్నా ఒడుపు లేని మనిషిని చేసి పెడతారు. తెలివైనదని పక్క పాత్రల చేత చెప్పిస్తారు, కథలో మాత్రం ఆ తెలివి పనిచేయనివ్వరు.

సీజన్ చివర్లో ఐరిస్ తనంతట తానే కనిపెడుతుంది. కోమాలో ఉన్న బ్యారీ చెయ్యి పట్టుకున్నప్పుడు చిన్న షాక్ కొట్టిన సంగతి ఆమెకు గుర్తుంది. ఫ్లాష్ తాకినప్పుడు మళ్లీ అదే షాక్. రెండూ కలుపుకుంటుంది. సీజన్ మొత్తంలో ఆమెకు దక్కిన అసలైన విలేకరి క్షణం అదొక్కటే. ఇరవై ఎపిసోడ్లు ఆగాల్సి వచ్చింది దానికి.

బాపమ్మ అడిగింది

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో మా అక్కకు తెలుసు. మాది కోరుట్ల పక్కన ఊరు. గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. మా కాక మస్కట్‌లో పనిచేసేటప్పుడు సైటు మీద పైనుంచి పడి కాలు విరిగింది. బాపుకు తెలుసు, మా అమ్మకు తెలుసు, చిన్నమ్మకు తెలుసు, వాడకట్టు మొత్తానికి తెలుసు. బాపమ్మకు మాత్రం చెప్పొద్దనుకున్నారు. బీపీ ఉంది, పైగా అందరికంటే చిన్న కొడుకు. ఇంట్లో పిల్లలతో సహా అందరం ఆ అబద్ధానికి కాపలా కాశాం. ఎవరైనా చుట్టం వస్తే వాకిట్లోనే ఎదురెళ్లి చెవిలో చెప్పి లోపలికి తీసుకొచ్చేవాళ్లం. కాక వీడియో కాల్ చేస్తే ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకొమ్మని ముందే చెప్పి ఉంచారు.

ఒక మధ్యాహ్నం బాపమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. బాపు పక్కనే ఉన్నాడు. తల ఎత్తకుండానే అడిగింది, “ఏ కాలురా?” బాపు ఏం కాలు అన్నాడు. ఆమె చెప్పింది: “ఎప్పుడు ఫోన్ చేసినా తిరుక్కుంట మాట్లాడేటోడు. ఇప్పుడు ఎన్ని దినాలైనా వాని ఎన్క గదే గోడ. చేతులైతే కనవడ్తున్నయి. మరి ఏ కాలు?”

అప్పటికి ఎన్నాళ్ల నుంచి తెలుసో ఆమె చెప్పలేదు. తెలియనట్టు ఉండడం కూడా ఆమె మా కోసమే చేసింది. ఆ సాయంత్రం కాకకు ఫోన్ చేయించి, కాలు చూపించమంది. కట్టు చూసింది. కాక ఏడ్చాడు. ఆ ఫోన్ల కాలమంతా మాతో నవ్వుతూనే మాట్లాడిన మనిషి. ఆ తర్వాత ఫోన్ ఆమె చేతిలోనే ఉండేది. మందులు వేసుకున్నవా, కట్టెప్పుడు విప్పుతరట, అన్నం ఎవరు వండుతున్నరు అని పొద్దూ మాపూ ఆరా తీసేది. బీపీ మాత్రలు తనంతట తానే గుర్తుగా వేసుకోవడం మొదలుపెట్టింది.

అక్క ఒప్పుకోదు. “అప్పటికి నెల గడిచింది కాబట్టి తట్టుకున్నది. పడ్డ దినమే చెప్తే ఏం చేస్తుండె ముసల్ది? మూడొద్దులు అన్నం ముట్టకపోతుండె” అంటుంది. అందులో నిజం లేకపోలేదు. దెబ్బ తగిలిన మొదటి రోజు, ఏ కబురూ సరిగ్గా తెలియనప్పుడు, అంత దూరంలో ఉన్న తల్లికి ఏమని చెప్తాం? ఇంకో సంగతి కూడా ఉంది. మా దూరపు చుట్టం ఒకాయనకు వచ్చింది క్యాన్సరని చివరి దాకా చెప్పలేదు. కడుపులో పుండు అనుకుంటూనే పోయాడు. అట్లా చేసినందుకు వాళ్లింట్లో ఎవరికీ బాధ లేదు. ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అక్కడ నేను నోరెత్తలేను.

కాబట్టి దాచడం ఎప్పుడూ తప్పే అని నా వాదన కాదు. ఐరిస్ అడుగుతోంది కదా. మళ్లీ మళ్లీ, మొహం మీదే, నా దగ్గర ఏదో దాస్తున్నావు అని బ్యారీని అడుగుతోంది. అడిగిన మనిషి కళ్లలోకి చూసి ఏమీ లేదని చెప్పడం వేరు. దాన్ని సీరియల్ త్యాగంలాగా చూపిస్తుంది. వెనకాల వయొలిన్, హీరో కళ్లలో నీళ్లు. కెమెరా ఎప్పుడూ దాచేవాడి బాధ మీదే ఉంటుంది.

చెప్పి, వెనక్కి తీసుకుని

పదిహేనో ఎపిసోడ్ దగ్గర మా పిల్ల సోఫాలోంచి లేచి నిలబడింది. ఊరి మీదికి సునామీ వస్తోంది. ఐరిస్ తన మనసులో మాట చెప్పింది, ముద్దు పెట్టుకుంది. బ్యారీ ఇక దాచలేక ఆమె కళ్ల ముందే ఫ్లాష్ అయి అలకు ఎదురు పరిగెత్తాడు. సరిగ్గా అదే సమయానికి అటు ల్యాబ్‌లో సిస్కో నిజం కనిపెట్టి థాన్ చేతిలో చచ్చిపోయాడు. మొదటి సీజన్లో ఇంతకంటే గొప్ప గంట లేదు, నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ వేగానికి బ్యారీ ఒక రోజు వెనక్కి వెళ్లిపోతాడు. అల రాలేదు, సిస్కో చావలేదు, ఐరిస్‌కు ఏమీ తెలియదు.

ఈ ఎత్తు కూడా పాతదే. సూపర్‌మ్యాన్ కుర్రతనం కథ చెప్పే ‘స్మాల్‌విల్’లో 2006లో వచ్చిన వందో ఎపిసోడ్‌లో క్లార్క్ కెంట్ తను ప్రేమించిన లానాకు నిజం చెప్పి, పెళ్లికి ఒప్పించుకుంటాడు. అదే రాత్రి ఆమె కారు ప్రమాదంలో చనిపోతుంది. అతను కాలాన్ని వెనక్కి తిప్పించి ఆమెను బతికించుకుంటాడు, ఈసారి నిజం చెప్పడు. కానీ అక్కడ ఒక ప్రాణానికి ఇంకో ప్రాణం పోతుంది. తండ్రి జొనాథన్ కెంట్ చచ్చిపోతాడు, మిగతా సీరియల్ అంతా ఆ లోటుతోనే నడుస్తుంది. అందుకే దాన్ని నేను తప్పుపట్టను.

ఫ్లాష్‌లో తర్వాతి ఎపిసోడ్ ఏం చేసిందో చూడండి. ఐరిస్ మనసు తనకు తెలుసు కాబట్టి బ్యారీ ధైర్యంగా వెళ్లి కాఫీ షాపులో ప్రేమ సంగతి కదుపుతాడు. ఆమెకు జరగని రోజులో ఆమె చెప్పిన మాటను పట్టుకుని. ఆమె కాదంటుంది. ఎడ్డీ వచ్చి మొహం మీద ఒకటి గుద్దుతాడు. అంతా కాస్త తమాషాగా గడిచిపోతుంది. “ఇది చీటింగ్ కదా మామా, ఆమె డైరీ చదివినట్టే కదా” అంది మా పిల్ల. సీరియల్‌కు తట్టని సంగతి దానికి తట్టింది.

మళ్లీ మళ్లీ అదే కథ చెప్పడంలో తప్పు లేదని మనకెవరూ నేర్పక్కర్లేదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోతే ఒగ్గు పూజారులు చెప్పేది మన తాతలు విన్న కథే. మల్లన్నకు మేడలమ్మతో పెళ్లవుతుంది, కేతమ్మతో పెళ్లవుతుంది, ఎవరికి తెలియదు? అయినా డోలు మోగితే కూర్చుంటాం. వంత పాడేవాడు నడుమ ఏదో ఒకటి అడ్డం అడిగితే పోయినేడు నవ్విన చోటే మళ్లీ నవ్వుతాం. కానీ అక్కడ జరిగింది జరిగినట్టే ఉంటుంది. ఏడ్పించిన చావును తెల్లారేసరికి కాలేదనరు. ఒక ఆడమనిషి నోటి నుంచి వచ్చిన మాటను ఆమెకే లేకుండా చేయరు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఫ్లాష్ రచయితలకు ఈ సంగతి కొంత తెలుసు. రెండో సీజన్ చివర బ్యారీ గతంలోకి వెళ్లి తల్లిని బతికిస్తే, మూడో సీజన్లో దాని బాకీ సిస్కో మీద పడింది. కాలం సర్దుకునేసరికి అతని అన్న డాంటే లేడు. సిస్కో చాలా రోజులు బ్యారీ మొహం చూడలేదు. నాకు ఆ సీజన్లో మిగతాదంతా మర్చిపోయినా ఆ కోపం గుర్తుంది.

చెప్పాక కథ ఆగిందా?

అసలు పేచీ ఇక్కడుంది. సీజన్‌కు 23 ఎపిసోడ్లు రాయాలి, మొదటి నాలుగు సీజన్లూ అంతే. వారం వారం ఒక కొత్త దొంగను పట్టుకుంటే సరిపోదు, కింద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి. రహస్యం అంటే చవకగా దొరికే మంట. ఖర్చు లేదు, గ్రాఫిక్స్ లేవు, ఇద్దరు మనుషులూ ఒక గదీ చాలు. చిన్నప్పుడు స్క్రిప్టులు రాయాలని తిరిగిన నా స్నేహితుడొకడు ఇదే అంటాడు: “చెప్పేస్తే ఇంకేముంటుందిరా, సుఖంగా కాపురం చేసుకుంటారు. ఎవడు చూస్తాడు?”

కానీ చెప్పాక ఏమైందో మనం చూశాం. 184 ఎపిసోడ్లు నడిచింది, 2023 దాకా. ఐరిస్ చీకట్లో ఉన్నది అందులో మొదటి సీజన్, అది కూడా పూర్తిగా కాదు. నాలుగో సీజన్‌కు వచ్చేసరికి ఆ జట్టును ఆమే నడిపిస్తోంది. తెలిసిన ఐరిస్ తెలియని ఐరిస్ కంటే వెయ్యి రెట్లు ఆసక్తిగల మనిషి. మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పి ఉంటే ఎట్లా ఉండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఊళ్లో అతిపెద్ద వార్త ఆమె ఇంట్లోనే ఉంది. రాయకపోతే వృత్తికి ద్రోహం, రాస్తే బ్యారీకి ద్రోహం. ఎడిటర్ అడుగుతాడు, పోటీ పేపర్ తవ్వుతుంటుంది, నాన్న పోలీసు. దీని మీద 23 ఎపిసోడ్లు రాయలేకపోతే ఇంకెందుకు? కాకపోతే అందులో ఆమె నిర్ణయాలు తీసుకోవాలి. హీరో ఏడుస్తుంటే చూసే పాత్ర కంటే అది రాయడం కష్టం.

రచయితలు ఆ కష్టం పడకుండా దాచడాన్నే ఇంటి ఆచారం చేశారు. రెండో సీజన్లో తెలుస్తుంది, చనిపోయిందని జో చెప్పిన ఐరిస్ తల్లి ఫ్రాన్సిన్ బతికే ఉందని. ఆ కోపం చల్లారకముందే ఐరిస్‌కు ఇంకోటి తెలుస్తుంది, తనకు వాలీ అనే తమ్ముడున్నాడని. కొడుకున్నాడన్న ఆ సంగతిని ఆమె కొన్నాళ్లు తండ్రికి చెప్పదు. నాన్న తట్టుకోలేడట.

ఐదో సీజన్లో భవిష్యత్తు నుంచి బ్యారీ, ఐరిస్‌ల కూతురు నోరా వస్తుంది. తండ్రి మెడకు వేలాడుతుంది, తల్లి మొహం చూడదు. ఎందుకంటే భవిష్యత్తులోని ఐరిస్, బిడ్డకు చిన్నప్పుడే ఒంట్లో ఒక చిప్ పెట్టించి, ఆమెకున్న శక్తి ఆమెకే తెలియకుండా చేసింది. బిడ్డ క్షేమం కోసం. తనకు జరిగినదాన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి తన బిడ్డకు చేసింది. ఈ సీరియల్ మొత్తంలో నిజంగా భయపెట్టిన ఆలోచన నాకు ఇదే. జూమ్ కాదు, సావిటార్ కాదు. ఒక్క సీజన్ దీని మీదే కూర్చోవచ్చు. కొన్ని ఎపిసోడ్లలోనే తల్లీకూతుళ్లను కలిపేసి విలన్ పనిలో పడ్డారు.

తర్వాత నోరా కూడా ఒకటి దాచిందని బయటపడుతుంది, తను థాన్ చెప్పినట్టు నడుస్తోందని. దాదాపు ఒక సీజన్ అంతా ఐరిస్ దగ్గర నిజం దాచిన బ్యారీ, తన దగ్గర దాచిన కూతుర్ని మాత్రం క్షమించలేకపోయాడు. ల్యాబ్ కింద ఆ గదుల్లోనే పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాత 2049కి తీసుకెళ్లి వదిలేసి, ఇంకెప్పుడూ రావద్దన్నాడు. కన్నతల్లిని ఒక్క మాట అడగలేదు. పని అయ్యాక ఇంటికొచ్చి చెప్పాడు.